నూట పన్నెండో పేజీలో లేని పేరా

వికారాబాద్ చుట్టుపక్కల ఇంటర్లో బైపీసీ చదివిన వాళ్ళనెవరినైనా పట్టుకుని మైటోకాండ్రియా గురించి అడగండి. "తనకు కావలసిన ప్రోటీన్లన్నింటినీ తానే తయారు చేసుకునే స్వయంసమృద్ధ కణాంగం" అని గుక్క తిప్పుకోకుండా చెప్తారు. పెళ్ళిళ్ళై, పిల్లలు పుట్టి, పొలాలూ దుకాణాలూ చూసుకుంటున్న వాళ్ళు కూడా ఈ ముక్క మర్చిపోలేదు. ఆ వాక్యం పాండురంగం సార్‌ది.

ఆయన పాఠం చెప్పే తీరు అలాంటిది. బల్ల ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని నోట్సు చెప్పేవాడు. కామా రావలసిన చోట కామా అనేవాడు. వాక్యం అయిపోతే ఫుల్‌స్టాప్ అనేవాడు. పేరా అయిపోయాక కళ్ళు తెరిచి "రాసుకున్నరా?" అని అడిగేవాడు. "రాసుకున్నం సార్" అని క్లాసంతా అంటేనే తరువాతి పేరా. ఇరవై ఆరేళ్ళలో ఆయన్ని మధ్యలో ఆపి ప్రశ్న అడిగిన వాళ్ళు లేరు. అడగనిచ్చిందీ లేదు. ఆ నోట్సుకే ఇంకొంచెం చేర్చి హైదరాబాదులో ఒక పబ్లిషర్ గైడుగా వేశాడు. తెలుగు మీడియం పిల్లల చేతుల్లో నలిగి, సగం ధరకు మళ్ళీ అమ్ముడుపోయి, మళ్ళీ నలిగి, ఆ గైడు పద్నాలుగేళ్ళుగా జిల్లాను ఏలుతోంది.

వాక్యం పలకడానికి దర్జాగా ఉంటుంది, కాదనను. చిక్కల్లా ఒకటే, అది తప్పు. అంతకన్నా పెద్ద చిక్కు, తప్పని పాండురంగానికి తెలుసు.

గైడు రాసేటప్పుడు పబ్లిషర్ పది రోజుల గడువిచ్చాడు. పక్కన ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని, ఒక్కో పేరా తెలుగులోకి దించుకుంటూ పోయాడు పాండురంగం. మైటోకాండ్రియా అంటే కణంలో ఉండి, మనం తిన్న తిండిని శక్తిగా మార్చే భాగం. అక్కడికి వచ్చేసరికి ఒక పేరా అడ్డం తిరిగింది. మైటోకాండ్రియాకు కావలసిన ప్రోటీన్లలో నూటికి తొంభై తొమ్మిది బయట తయారై, దాని రెండు పొరలూ దాటి లోపలికి ఎలా చేరతాయో ఆ పేరాలో ఉంది. ఏవో ద్వారాలు, ఏవో గుర్తులు, ఏవో మడతలు. మూడుసార్లు చదివినా ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. తెలియనిది ఎవరినైనా అడగొచ్చు. ఆయనకు చదువు చెప్పిన గురువు అప్పటికి బతికే ఉన్నాడు. ఫోను చేస్తే పది నిమిషాల పని. కానీ సీనియర్ లెక్చరరై ఉండి ఇంత చిన్న విషయం అడిగితే ఏమనుకుంటాడోనని సిగ్గుపడ్డాడు. ఆ కాస్త సిగ్గు తప్పించుకోవడానికి పేరా మొత్తం వదిలేశాడు. ఖాళీ కనబడకుండా సొంతంగా ఒక వాక్యం అల్లి అతికించాడు. ఆ అతుకే జిల్లా అంతా పాకింది.

నాలుగేళ్ళ తరువాత లెక్చరర్లకు పెట్టిన శిక్షణలో ఒక ప్రొఫెసరమ్మ తెర మీద బొమ్మ వేసి అదే విషయం వివరించింది. అప్పుడు అర్థమైంది పాండురంగానికి. అర్థమైన వెంటనే చేసిన పనేమిటంటే, తన గైడు చదివిన వాళ్ళెవరైనా హాల్లో ఉన్నారేమోనని చుట్టూ చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే. తరువాతి అచ్చులో సరిచేద్దాం అనుకున్నాడు. తరువాతి అచ్చు వచ్చింది, దాని తరువాతిదీ వచ్చింది. సరిచేస్తే ఇన్నాళ్ళూ తప్పు చెప్పానని ఒప్పుకున్నట్టే కదా! అందుకని క్లాసులో ఆ పేజీ వచ్చినప్పుడల్లా కొంచెం గొంతు పెంచి, కొంచెం వేగంగా చెప్పేసేవాడు.

ఇక శనివారం సంగతి. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ వేసవిలో పదిహేను రోజుల శిబిరం పెట్టి, జిల్లాకు ఒక్కరంటే ఒక్కరిని పిలుస్తోంది. ప్రయోగశాలలో శాస్త్రవేత్తల పక్కన నిలబడి పని నేర్చుకోవచ్చు. అక్కడ నెగ్గుకొచ్చిన వాళ్ళను పైచదువుకు ఆ సంస్థే చేయి పట్టి నడిపిస్తుంది. రాతపరీక్షలో తేలిన వాళ్ళకు వికారాబాద్‌లో మౌఖిక పరీక్ష పెట్టారు. ఏర్పాట్లన్నీ శ్రీకాంత్ అనే కుర్ర ఫిజిక్సు లెక్చరర్ చూశాడు. ప్రశ్నలు రాసింది, అడిగింది, మార్కులు వేసింది మాత్రం పాండురంగమే.

చివరకు ఇద్దరు సమానంగా నిలిచారు. ఒకరు వికారాబాద్ పిల్లవాడు రిత్విక్. ఇంకొకరు తాండూరు నుంచి వచ్చిన తూబా, చున్నీ సర్దుకుంటూ కుర్చీ అంచునే కూర్చున్న సన్నటి పిల్ల. ఆఖరి ప్రశ్న కోసం ప్రశ్నల చీటీలున్న పెట్టెలో చెయ్యి పెట్టి ఒక చీటీ తీశాడు పాండురంగం. "మైటోకాండ్రియాకు కావలసిన ప్రోటీన్లు ఎక్కడ తయారవుతాయి?" అని తన చేతి రాతే కనబడింది. గైడులోంచి వంద ప్రశ్నలు చకచకా దించినప్పుడు ఇదీ వచ్చి పడింది. ఎదురుగా యాభై మంది చూస్తున్నారు. చీటీ మళ్ళీ పెట్టెలో వేయడానికి లేదు.

రిత్విక్ లేచి, సార్ వాక్యాన్ని సార్‌కే అప్పజెప్పాడు. తరువాత తూబా లేచింది.

"ఎక్కువ శాతం బయటనే తయారైతయి, సార్. కణద్రవ్యంల తయారై లోపటికి పోతయి" అంది.

ఆ పిల్ల చెప్పిందే సరి. ఆ పిల్ల కాక ఆ సంగతి హాల్లో తెలిసిన మనిషి తనొక్కడే. అవునని ఒక్క మాట అంటే అయిపోయేది. అది మాని, పుస్తకంలో ఉన్నది చెప్పాలని గద్దించాడు.

"మీ పుస్తకంల నూట పన్నెండో పేజీల ఒక పేరా లేదు, సార్" అంది తూబా మెల్లగా.

పాండురంగానికి తల కొట్టేసినట్టయింది. పద్నాలుగేళ్ళు ఎవరి కంటా పడని ఖాళీ మీద ఈ పిల్ల తిన్నగా వేలు పెట్టింది. సిగ్గు పడాల్సిన చోట మనిషికి ముందు కోపం వస్తుంది. ఆయనకూ అదే వచ్చింది.

"మీ నాయన ఏం పని చేస్తడు?" అని అడిగాడు.

"బండల పాలిష్ మిషన్ల చేస్తడు, సార్."

"గట్లనా? అయితే బండల సంగతి నువ్వు చెప్పు. కణం సంగతి నేను చెప్త."

హాలంతా నవ్వింది. తూబా కూడా మర్యాద కోసం నవ్వబోయి, నవ్వలేక తల దించుకుంది. పాండురంగం రిత్విక్ పేరు రాసి సంతకం పెట్టాడు. జాబితాను శ్రీకాంత్ సోమవారం సాయంత్రం నాలుగింటిలోగా హైదరాబాదుకు పంపాలి.

ఆదివారం మధ్యాహ్నం పాండురంగం కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు. భార్య దేవమ్మ ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాడు. రెండోసారి అడిగితే మొత్తం చెప్పేశాడు, బండల మాటతో సహా. దేవమ్మ ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. మైటోకాండ్రియా ఏమిటో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

"నీకు రాదని గా పిల్లకు గూడ రావద్దా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

తిన్నని మనిషైతే అప్పుడే శ్రీకాంత్‌కు ఫోను చేసేవాడు. పాండురంగం చెడ్డవాడు కాదు గానీ, అంత తిన్ననివాడు కూడా కాదు. సోమవారం కాలేజీకి సెలవు పెట్టి, కొత్త గైడు ఒకటి తీసుకుని, లోపల "ఆశీస్సులతో" అని రాసి సంతకం చేశాడు. దుకాణంలో మంచి పెన్ను ఒకటి కొన్నాడు. తాండూరు పోయి, ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నించమని ధైర్యం చెప్పి, పుస్తకం, పెన్ను చేతిలో పెట్టి వచ్చేస్తే మనసు కుదుటపడుతుందని ఆయన లెక్క. పేరా వదిలేసినప్పుడు వేసిన లెక్కా ఇలాంటిదే.

రైల్లో సీటు దొరకలేదు. ఒకతను గబుక్కున లేచి "సార్, కూసోండ్రి. నేను మహిధర్‌ను, మీ స్టూడెంటును" అన్నాడు. బొంరాస్‌పేటలో ఎరువుల దుకాణం పెట్టుకున్నాడట. సార్ చెప్పింది ఇప్పటికీ మరవలేదని, మూడో తరగతి చదివే తన బిడ్డ సహస్రకు కూడా నేర్పించానని చెప్పి, చుట్టూ ఉన్న నలుగురూ వినేలా ఆ వాక్యం అప్పజెప్పాడు. పక్కనున్న పెద్దమనిషి, చదువు చెప్తే ఇట్ల చెప్పాలె అని మెచ్చుకున్నాడు. పాండురంగం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ధారూర్ దాటింది. కూర్చోబెట్టి మర్యాద చేస్తుంటే లేచి పారిపోవాలనిపించడం ఆయనకు అదే మొదటిసారి.

తాండూరులో బండల మిషన్ల దగ్గర, దరఖాస్తులో ఉన్న తూబా తండ్రి పేరు, జహూర్ అని చెప్పగానే చూపించారు. తలకు తుండు చుట్టుకుని, కనుబొమ్మల దాకా తెల్లటి దుమ్ముతో, వరసగా నిలబెట్టిన నాపబండల మీద సుద్దముక్కతో నంబర్లు వేస్తున్నాడు జహూర్. వచ్చిందెవరో తెలియగానే సుద్ద కింద పెట్టి, చేతులు కడుక్కుని, మేస్త్రీకి చెప్పి బయలుదేరాడు. రెండు సందుల అవతల ఇల్లు. లోపల జహూర్ తల్లి ఉమ్రావ్ బేగం కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీని జహూర్ తన తుండుతో రెండుసార్లు తుడిచాడు. సార్ కూర్చున్నా తాను కూర్చోలేదు.

పాండురంగం నోరు తెరవకముందే జహూర్ మొదలుపెట్టాడు.

"మీరు ఎందుకొచ్చిండ్రో నాకు ఎరికే, సార్. నా బిడ్డ నలుగుర్ల మీకు ఎదురు మాట్లాడిందట. పుస్తకం రాసిన సార్‌కు తప్పు పెడతవా అని మస్తు కోపం చేసిన. జర మాఫీ చెయ్యుండ్రి" అని లోపలికి చూసి కూతుర్ని పిలిచాడు.

తూబా వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. మాఫీ అడగమన్నాడు తండ్రి. నాయనమ్మ మిషన్ ఆపింది.

"తప్పైంది సార్. నేను అట్ల అనొద్దుండె" అంది తూబా నేల చూస్తూ.

అప్పుడు చెప్పాల్సింది, నీ తప్పేం లేదని. చెప్పలేదు. "పర్వాలేదమ్మా, చిన్నపిల్లవు" అన్నాడు. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. అలవాటైన పెద్దరికం అది, పిలవకుండానే వస్తుంది. దొంగే వెళ్ళి, సొమ్ము పోగొట్టుకున్న వాడికి క్షమాభిక్ష పెట్టినట్టుంది ఆ పని. తన బతుకులో చేసిన వాటిలో ఇంతకన్నా నీచమైంది లేదని తరువాత ఎన్నోసార్లు అనుకున్నాడు. జహూర్ మాత్రం గుండె మీద బరువు దిగినట్టు ఊపిరి తీసుకుని, చాయ్ చెప్పాడు.

చాయ్ వచ్చింది. పాండురంగం సంచీలోంచి కొత్త గైడు తీసి తూబాకు ఇచ్చాడు. ఆ పిల్ల రెండు చేతులతో అందుకుని, సంతకం చూసి, అంతలోనే మొహమాటంగా తన దగ్గర ఆ పుస్తకం ఉందని చెప్పి, లోపలికి పోయి తెచ్చి చూపించింది. పాత కాపీ. ఖాకీ కాగితంతో అట్ట వేసి ఉంది. మొదటి పేజీలో నిరోషా, మల్లిక అని రెండు పేర్లు కొట్టేసి ఉన్నాయి, వాటి కింద తూబా పేరు. పాండురంగం చెయ్యి తనంతట తానే నూట పన్నెండో పేజీకి పోయింది.

ఆ పేజీలో, రెండు పేరాల మధ్య, గీతల కాగితం ముక్క ఒకటి మైదాతో అంచు అతికించి ఉంది. మడత విప్పితే సన్నటి అక్షరాలు. ఆయన వదిలేసిన పేరా అది. తెలుగులో ఉంది. పక్కన పెన్సిలుతో ఒక బండ బొమ్మ, దాని మీద నంబరు, ఇంకో పక్క సూదీ దారం బొమ్మ.

ఎక్కడిదని అడిగాడు. లైబ్రరీలో ఇంగ్లీషు పుస్తకం తీసుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని తనే రాసుకున్నానని, నెల పట్టిందని చెప్పింది తూబా. మొదట అర్థం కాలేదట. వాళ్ళ అబ్బా జహూర్ బండల మీద నంబరు వేయడం చూశాక అర్థమైందట. బండ ఇక్కడ తయారవుతుంది. ఏ ఇంటికి, ఏ గదికి పోవాలో సుద్దతో రాసి పంపుతారు. అక్కడ గుమ్మం దగ్గర మేస్త్రీ నంబరు చూసి లోపలికి తీసుకుంటాడు. పరిచాక నంబరుతో పని లేదు, కడిగేస్తారు. ప్రోటీనుకు కూడా ఒక కొసన అలాంటి గుర్తు ఉంటుంది, లోపలికి చేరాక దాన్ని కోసేస్తారు. ఇక మడతల సంగతి నాయనమ్మ దగ్గర తెలిసిందంది. దారం ఉండ సూది బెజ్జంలో దూరదు. ఉండ విప్పి కొస ముందు దూర్చాలి.

పద్నాలుగేళ్ళ కింద తాను మూడుసార్లు చదివి వదిలేసిన సంగతిని ఆ పిల్ల చాయ్ చల్లారేలోగా చెప్పేసింది. పాండురంగానికి ఆ కుర్చీలో కూర్చోవడం కష్టమైంది. పేరా తప్పిపోయిందని ఎలా పట్టుకున్నావని అడిగాడు, అడగకుండా ఉండలేక.

"పై పేరాల రెండు పొరలున్నయని రాసిండ్రు. కింది పేరాల ప్రోటీన్లు లోపట పని చేస్తున్నయి. నడుమ ఎట్ల పోయినయో లేదు, సార్. ప్రెస్సోళ్ళు మరిచిపోయిండ్రనుకున్న. గా ఒక్క వాక్యం గూడ ఆళ్ళే కలిపిండ్రనుకున్న. మీరు గట్ల రాయరు గదా" అంది తూబా. ఒక్క క్షణం ఆగి, "నా తర్వాత ఈ పుస్తకం ఎవలన్న కొనుక్కుంటరు గదా సార్, ఆళ్ళకు తక్కువ పడొద్దని అంటిచ్చిన" అంది.

తిట్టి ఉంటే తట్టుకునేవాడు. ఎగతాళి చేసి ఉంటే కోప్పడేవాడు. ఈ పిల్ల ఆయన తప్పును ప్రెస్సు వాళ్ళ మీదికి నెట్టి ఆయన్ని కాపాడుతూ వచ్చింది. ఆయన బండల మాట అన్నాక కూడా. పాండురంగం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. గ్లాసు ఒరిగి చాయ్ నేల మీద ఒలికింది. ఉమ్రావ్ బేగం తుడవడానికి వంగితే వద్దని, తన రుమాలుతో తానే తుడిచాడు. అలా వంగి ఉన్నప్పుడే నోరు పెగిలింది.

"ప్రెస్సోళ్ళు కాదమ్మా. నేనే ఇడిసిపెట్టిన. నాకు అర్థం కాలే. ఎవలనన్న అడిగేతందుకు నామోషీ అయింది. గా వాక్యం నేనే అల్లిన."

సందులోంచి బండలు కోసే మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"శనివారం నాడు మీకు ఎరికేనా, సార్? నేను చెప్పింది సరైందని?" అని అడిగింది తూబా.

ఇక్కడ ఒక దారి ఉంది. అప్పుడు తెలియదు, ఇంటికి పోయి చూసుకుంటే తెలిసింది అనొచ్చు. అంటే తప్పు సగానికి సగం తగ్గిపోతుంది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన ఆ పిల్ల మొహంలోకి చూశాడు. వచ్చినప్పటి నుంచి మొదటిసారి చూడటం.

"ఎరికే" అన్నాడు.

జహూర్ అప్పటిదాకా నిలబడే ఉన్నవాడు గోడ పక్కన కూలబడినట్టు కూర్చున్నాడు. చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. అవి ఎంత కడిగినా గీతల్లో తెల్లటి దుమ్ము పోదు.

"మొన్న ఇంటికొచ్చినంక నేను దీని మీద చెయ్యి లేపిన, సార్. గిన్నేండ్లల్ల ఎన్నడు లేపలే. సార్ అబద్ధమాడుతడా అని కొట్టిన" అన్నాడు. ఆ మాట పాండురంగంతో అంటున్నట్టు లేదు, కూతురితో అంటున్నట్టుంది. ఉమ్రావ్ బేగం మనవరాలిని దగ్గరకు లాక్కుని, పాండురంగం వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

గోడ గడియారంలో రెండు దాటింది. పాండురంగం అక్కడే, వాళ్ళందరి ముందే, శ్రీకాంత్‌కు ఫోను చేశాడు. తూబా చెప్పిందే సరైన జవాబని, రిత్విక్‌ది తప్పని, జాబితాలో పేరు మార్చాలని చెప్పాడు. శ్రీకాంత్ కంగారుపడ్డాడు. రాతపూర్వకంగా కారణం కావాలన్నాడు. రిత్విక్ వాళ్ళు అడుగుతారు, కాలేజీల వాళ్ళందరికీ చదివి వినిపించాల్సి వస్తుంది అన్నాడు. సార్ పరువు కోసమే కావచ్చు, పొరపాటు జరిగిందని రాస్తే చాలని సలహా కూడా ఇచ్చాడు. రిత్విక్‌కు ఆ సంగతి తానే చెప్తానని, ఆ పిల్లవాడి తప్పు కూడా తన తప్పేనని అన్నాడు పాండురంగం.

తూబా నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. "సరైన జవాబు తెలిసి ఉండి, నా పుస్తకంలోని తప్పు బయటపడుతుందని భయపడి, కుమారి తూబా జవాబును తప్పుగా లెక్కించాను. ఆమె తండ్రి పనిని నలుగురిలో హేళన చేశాను. రెండింటికీ నేనే బాధ్యుణ్ణి" అని రాశాడు. తెలిసి ఉండి అన్న చోట పెన్ను ఆగింది. ఆగి, ముందుకు పోయింది. ఫోటో తీసి పంపాక, తన గైడు చదివిన వాళ్ళ మొహాలు వరసగా కళ్ళ ముందుకొచ్చాయి, రైల్లో లేచి సీటిచ్చిన మహిధర్‌తో సహా. రేపటి నుంచి ఎవరు లేచి నిలబడతారో, ఎవరు మొహం చాటేస్తారో తెలియదు. అయినా పొద్దుటి నుంచి ఉన్న ఆ పారిపోవాలన్న ఆత్రం ఇప్పుడు లేదు. సిగ్గు మాత్రం ఉంది. అది అంత తొందరగా పోయేది కాదు, పోకూడదు కూడా.

మూడున్నరకు శ్రీకాంత్ జవాబు పంపాడు. వికారాబాద్ జిల్లా నుంచి తూబా పేరు హైదరాబాదుకు చేరింది. ఉమ్రావ్ బేగం పెదవులు కదిలాయి. జహూర్ తుండు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు. తూబా నిలబడ్డ చోటే నిలబడి, గోడ మీది సున్నం గీకుతోంది. సంతోషపడాలో వద్దో ఆ పిల్లకు తెలియడం లేదు. ఆ సంతోషం కూడా రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది, అదీ పాండురంగం వల్లే.

పాండురంగం లేచాడు. చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి పిలుపు వినబడింది.

"సార్." తూబా చేతిలో ఆయన తెచ్చిన కొత్త గైడు ఉంది. నూట పన్నెండో పేజీ తెరిచి ఉంది. "గిండ్ల గూడ గా పేరా లేదు" అంది.

ఆయన చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు, చాప మీద కూర్చున్నాడు. బహుమానంగా ఇవ్వాలని తెచ్చిన పెన్ను జేబులోంచి తీసి, పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చెప్పమ్మా. రాసుకుంట" అన్నాడు.

తూబా తండ్రి వైపు చూసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ జహూర్ తల ఊపాడు. ఆ పిల్ల తన పాత పుస్తకం తెరిచి, కాగితం మడత విప్పి, మొదట తడబడుతూ, తరువాత కొంచెం నిదానంగా చదవడం మొదలుపెట్టింది. మైటోకాండ్రియాకు కావలసిన ప్రోటీన్లలో అధిక భాగం కణద్రవ్యంలో తయారవుతాయి, ఫుల్‌స్టాప్. వాటి ఒక కొసన చిరునామా వంటి గుర్తు ఉంటుంది, ఫుల్‌స్టాప్. బయటి పొర మీది గ్రాహకాలు ఆ గుర్తును చదివి, కామా, ద్వారం గుండా లోపలికి పంపుతాయి, ఫుల్‌స్టాప్. పాండురంగం అంచులో ఇరుకున సన్నగా రాస్తున్నాడు. ఒక చోట తొందరపడి, ప్రోటీను ముడుచుకుని లోపలికి పోతుందని రాశాడు. తూబా వంగి చూసింది.

"ముడుచుకుంటే పోదు, సార్. మడత విప్పుకొని పోతది. కొట్టేసి రాయుండ్రి" అంది.

కొట్టేసి రాశాడు. లోపలి పొరలో ఇంకో ద్వారం. లోపలికి చేరాక గుర్తును కోసేయడం. ప్రోటీను మళ్ళీ తన మడతలు తాను వేసుకుని పనిలో పడటం. ఆఖరి వాక్యం పూర్తిచేసి తూబా కాగితం మడిచింది. ఏం చేయాలో తోచక, తన లెక్చరర్లందరి దగ్గరా విన్న మాటే మెల్లగా అడిగింది.

"రాసుకున్నరా, సార్?"

"రాసుకున్న, బిడ్డా" అన్నాడు పాండురంగం. చివర ఫుల్‌స్టాప్ మర్చిపోయాడు. తూబా వేలితో చూపిస్తే పెట్టాడు.